స్వరలిపికి సరిహద్దులు

బొబ్బిలి పేరు వినగానే తెలుగువారికి రెండు సంగతులు స్మరణకు వచ్చును. ఒకటి 1757 నాటి యుద్ధము, రెండవది వీణ. యుద్ధము కథగా మిగిలినది. వీణ మాత్రము నేటికిని తయారగుచునే యున్నది. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసమ్రానును తొలిచి, కుండను దండిని వేరుచేయక చెక్కు ఏకాండ వీణకు దేశమంతట మన్నన కలదు. భౌగోళిక సూచికల చట్టము క్రింద ఆ పేరునకు రక్షణయు లభించినది. ఆ వీణ విమానమెక్కి యే దేశమునకైనను పోవచ్చును. రవాణా ఖర్చును, సుంకమును చెల్లించినచో చాలును. కాని ఆ వీణపై వాయింపవలసిన పాటను స్వరపరచి వ్రాసిన రెండు పుటలను అందరికిని అందునట్లు ఇంటర్నెట్టులో ఉంచవలెనన్నచో వ్యవహారము అంత సులభము కాదు. కొయ్యకు లేని అడ్డు కాగితమునకు వచ్చుచున్నది.

ఇది పండితులు తర్కించుకొనవలసిన సూక్ష్మము కాదు. నేడు చికాగోలో, డల్లాసులో, లండనులో, మెల్‌బోర్నులో ఉన్న తెలుగు పిల్లలు తెరమీద గురువునెదుట కూర్చుండి సంగీతము నేర్చుకొనుచున్నారు. గురువు విజయనగరములోనో బొబ్బిలిలోనో ఉండును. పాఠము చెప్పి, పాత పుస్తకములోని పుటను ఫోనుతో ఫోటో తీసి పంపును. శిష్యురాలు దానిని తన స్నేహితురాండ్రకు పంపును. వారిలో ఒకరు అందరికి ఉపయోగించునను సదుద్దేశముతో దానిని బహిరంగముగా ఉంచుదురు. అంతవరకు ఎవ్వరును తప్పుచేయుచున్నామని తలంపరు. ఆ పుట బొబ్బిలిలో న్యాయమైనదై, అదే నిమిషమున చికాగోలో అన్యాయమైనది కావచ్చునన్న మాట వారికి ఎవ్వరును చెప్పియుండరు.

కాపీరైటు, అనగా గ్రంథస్వామ్యము, ఒక గడువుగల హక్కు. కర్త తన కృతివలన కొంతకాలము ఫలమును పొందవలెను. ఆ పిమ్మట కృతి ప్రజలందరి సొత్తు కావలెను. ఈ రెండు మాటలలో వివాదము లేదు. వివాదమంతయు 'కొంతకాలము' అను దానిలోనే ఉన్నది. మన 1957 నాటి చట్టము మొదట కర్త మరణానంతరము 50 ఏండ్లని చెప్పి, తరువాత 60 ఏండ్లని మార్చినది. మరణించిన సంవత్సరము వెళ్ళిన పిమ్మటి జనవరి 1 నుండి లెక్క మొదలగును. ఐరోపా సమాఖ్యలోను, బ్రిటనులోను 70 ఏండ్లు. కెనడాలో 50 ఏండ్లుగా ఉండినది. 2022 డిసెంబరు 30 నుండి 70 ఐనది. మెక్సికోలో నూరేండ్లు. అమెరికావారిది వేరొక లెక్క. అచట పాత పుస్తకములకు కర్త మరణముతో నిమిత్తము లేదు. అచ్చైన సంవత్సరము మొదలు 95 ఏండ్లు హక్కు నిలుచును.

1886లో బెర్న్ నగరమున కుదిరిన ఒప్పందములో నేడు దాదాపు అన్ని దేశములును చేరియున్నవి. మన దేశము 1928లోనే చేరినది. ఒక దేశపు కర్తకు తక్కిన దేశములు తమ కర్తతో సమానముగా రక్షణ నీయవలెనన్నది దాని సారము. గడువు విషయమున మాత్రము అది ఒక వెసులుబాటును ఉంచినది: స్వదేశములో గడువు తీరిన కృతికి పరదేశములో అంతకుమించి రక్షణ నీయనక్కరలేదు. ఐరోపావారు దీనిని పాటింతురు. అమెరికావారు పాటింపరు. చిక్కంతయు ఇచ్చటనే మొదలగుచున్నది.

దూరపు ఉదాహరణములెందుకు? బొబ్బిలి ప్రాంతముననే, అజ్జాడ అగ్రహారమున 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారిని తీసికొందము. హరికథా పితామహులు, 1919లో విజయనగర మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులు, బహుభాషాకోవిదులు. ఆయన 1945 జనవరి 2న కాలధర్మము నొందిరి. మన చట్టము ప్రకారము 2005 డిసెంబరు 31తో, ఆయన జీవితకాలమున వెలువడిన కృతులకు గడువు తీరినది. అనగా 2006 ఆరంభము నుండి వాని స్వరములను ఎవ్వరైనను అచ్చువేయవచ్చును, పంచవచ్చును. మన గడువు తీరుటతో లండనులోను, పారిస్‌లోను తీరినది. టొరంటోలో 1995 చివరనే తీరినది. ఇక అమెరికా సంగతి. ఆయన పుస్తకమొకటి 1938లో అచ్చైనదనుకొందము. అమెరికాలో దానిపై హక్కు 2033 చివరివరకు నిలిచియుండును. మన ఊరి దాసుగారి పాట మనకు ఉచితము. చికాగోలోని మన పిల్లలకు మరికొంతకాలము నిషిద్ధము!

ఇది ఇట్లేల జరిగినదో విచారించినచో ఒక విచిత్రమైన కథ బయలుపడుచున్నది. ఉపాధ్యాయులు దీనిని కొంచెము ఓపికతో చదువవలెనని కోరుచున్నాము. చట్టములోని ఒక్క అంకె మార్పు ఎంతదూరము పోవునో దీనియందు కానవచ్చును.

రవీంద్రనాథ ఠాకూరు 1941 ఆగస్టు 7న మరణించిరి. నాటి మన చట్టము ప్రకారము 50 ఏండ్ల గడువు 1991 డిసెంబరు 31న తీరవలసియుండెను. ఆయన పాటలు రెండువేలకు పైబడినవి. వాని స్వరలిపి గ్రంథములను విశ్వభారతి ప్రచురించుచుండెను; ఎవరు ఎట్లు పాడవలెనో, ఏ గ్రామఫోను రికార్డునకు అనుమతి నీయవలెనో కూడ విశ్వభారతివారి సంగీత మండలి పరిశీలించుచుండెను. గడువు తీరినచో ఆ స్వరములు చెడునని కొందరును, చెడవు వ్యాపించునని కొందరును వాదించిరి. ప్రభుత్వము మొదటివారి మాటను ఆలకించి, గడువు తీరుటకు మూడు దినములు ముందు, 1991 డిసెంబరు 28న, ఆర్డినెన్సు జారీచేసినది. 1992లో అది చట్టమైనది. 50 ఏండ్లు 60 ఐనవి. ఠాకూరు పాటలు 2001 చివరన గాని బంధవిముక్తి పొందలేదు.

ఒక్క మహాకవి కొరకు చేసిన ఆ మార్పు అందరికిని వర్తించినది. దాసుగారి గడువు 1995 డిసెంబరు 31న తీరవలసియుండగా మరి పదియేండ్లు సాగినది. ఇక ఆ మరునాడే, 1996 జనవరి 1న, అమెరికాలో ఒక క్రొత్త నిబంధన అమలులోనికి వచ్చినది. అంతవరకు అమెరికా పద్ధతి ప్రకారము రిజిస్టరు చేయకపోవుటచేతనో, పొడిగింపు కోరకపోవుటచేతనో అచట రక్షణ కోల్పోయిన పరదేశపు కృతులకెల్ల హక్కును తిరిగి ప్రసాదించిన నిబంధన అది. షరతు ఒక్కటే: 1996 జనవరి 1 నాటికి ఆ కృతి స్వదేశములో రక్షణ క్రింద ఉండవలెను. ఆర్డినెన్సు లేకున్నచో దాసుగారి కృతులు ముందటి రాత్రియే ఇచట ప్రజల సొత్తై, అమెరికా నిబంధనకు చిక్కక, అచటను స్వేచ్ఛగా ఉండెడివి. ఒక్క రాత్రి తేడాతో, వంగదేశమున ఒక కవి పాటల కొరకు వేసిన కంచె, బొబ్బిలి సీమలో పుట్టిన వేరొక మహనీయుని పాటలను సముద్రమునకు ఆవల ముప్పది నలువది సంవత్సరములు బంధించినది. ఆర్డినెన్సు వ్రాసినవారు దాసుగారిని తలచియుండరు. అమెరికా శాసనకర్తలు ఆయన పేరే విని యుండరు.

ఇంకొక వింత. దాసుగారి వ్రాతలలో ఇంతవరకు ఎన్నడును ప్రకటింపబడనిది ఏదైన మిగిలియున్నచో, అమెరికా దానిని వేరు లెక్కన చూచును: కర్త మరణించిన 70 ఏండ్లకు, అనగా 2015 చివరన, దానిపై హక్కు తీరినది. అచ్చైన పుస్తకము బందీ. పెట్టెలోని వ్రాతప్రతి స్వతంత్ర! మన చట్టము ఇందుకు సరిగా విలోమము. ఇచట కర్త జీవితకాలమున వెలుగుచూడని వ్రాతకు, అది తొలిసారి ప్రకటింపబడిన నాటినుండి 60 ఏండ్లు హక్కు నడచును. అంతవరకు గడియారమే కదలదు. సంగీతము విషయమున ఒక మేలు ఉన్నది. కృతిని సభలో గానము చేసినను, దాని రికార్డులు విక్రయించినను, ఈ సందర్భమున అది ప్రకటితమైనట్లే చట్టము భావించును. కాబట్టి కర్త బ్రతికియుండగా కచేరిలో పాడబడిన పాట ఈ చిక్కునుండి తప్పించుకొనును. ఎవ్వరును పాడని పాట, ఎవ్వరును చూడని పుస్తకము చిక్కుకొనును. మన ప్రాంతపు ఇండ్లలో అట్టి పుస్తకములు తక్కువ కావు.

దాసుగారి తరువాత 1936లో ఆ కళాశాలకు ప్రధానాచార్యులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1964 నవంబరు 25న మరణించిరి. ఆయన ప్రకటించిన స్వరరచన ఏదియైనను మన దేశమున 2025 జనవరి 1 నుండి స్వేచ్ఛ పొందినది. కెనడాలో నాటి 50 ఏండ్ల లెక్కన 2015లోనే పొందినది. పదియేండ్లపాటు టొరంటోలోని తెలుగువాడు చేయగలిగినది విజయనగరములోని తెలుగువాడు చేయలేకపోయినాడు. కనుక పరదేశములు మనకు అన్యాయము చేయుచున్నవని మాత్రమే చెప్పుట సరికాదు. ఈ కత్తి రెండువైపుల తెగును.

ఇట్టి తేడాలు ఎంతటి రభసకు దారితీయునో 2007లో లోకము చూచినది. గడువు తీరిన పాశ్చాత్య సంగీతపు స్వరలిపులను సేకరించి అందరికి ఉచితముగా అందించు ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అను గ్రంథాలయమును కెనడాలో ఒక సంగీత విద్యార్థి 2006లో ఇంటర్నెట్టుపై ప్రారంభించెను. కెనడాలో 50 ఏండ్లు గడచిన కర్తల కృతులు అందుండెను. బేలా బార్టోక్ 1945లో మరణించెను. కెనడాలో ఆయన కృతులు 1996 నుండి స్వేచ్ఛగా ఉండగా, ఆస్ట్రియాలో 2015 చివరివరకు హక్కు ఉండెను. వియన్నా నగరపు ప్రచురణ సంస్థ యూనివర్సల్ ఎడిషన్ వారు తమ దేశపు చట్టమును చూపి, ఐరోపావారికి ఆ పుటలు అందకుండ చేయవలెనని లాయరు నోటీసు పంపిరి. విద్యార్థి యొద్ద ధనము లేదు. 2007 అక్టోబరు 19న గ్రంథాలయము మూతపడినది. వాదోపవాదములు జరిగి, 2008 జూన్ 30న తిరిగి తెరువబడినది. కెనడా చట్టమును అనుసరించి కెనడాలో నడచుచున్న గ్రంథాలయమును వియన్నా చట్టము మూయింపవచ్చునా అను ప్రశ్నకు న్యాయస్థానము తీర్పు చెప్పవలసిన అవసరము రాలేదు. ఆ ప్రశ్న అట్లే నిలిచియున్నది.

గ్రంథాలయములు భయపడినప్పుడు అతిజాగ్రత్త పుట్టును. అమెరికా విశ్వవిద్యాలయముల గ్రంథాలయములు కలసి నడపుచున్న హాతిట్రస్టు అను భాండాగారములో మన తెలుగు పుస్తకములును చాల ఉన్నవి. 20వ శతాబ్ది తొలి దశకములలో ఇచట అచ్చైన పుస్తకములను అచటివారు అమెరికాలోని పాఠకులకు మాత్రమే తెరచి, తక్కిన దేశములవారికి తరచు మూసియుంచుచున్నారు. కర్త ఎప్పుడు మరణించెనో ఒక్కొక్కని గూర్చి విచారించుట కష్టము గనుక, విచారించువరకు మూసియుంచుటయే క్షేమమని వారి తలంపు. ఫలితమేమనగా, మద్రాసులో 1915లో అచ్చై, కర్త 1920లో మరణించిన పుస్తకమును చికాగోలో చదువవచ్చును. బొబ్బిలిలో ఫోను తెరచి చూచినచో 'మీకు అనుమతి లేదు' అని కనబడును. దాసుగారి విషయమున చికాగోకు మూసిన తలుపు, ఇచట బొబ్బిలికి మూసికొన్నది. వారిని నిందింపలేము. కర్తల జనన మరణ సంవత్సరములను మనమే సరిగా వ్రాసి పెట్టుకొనలేదు గదా!

ఇంతవరకు చెప్పినది గడువుల లెక్క. దీనికంటె లోతైన ప్రశ్న వేరొకటి కలదు. స్వరలిపి ఎవరిది?

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ఆయన కీర్తనలపై లోకమున ఎవ్వరికిని హక్కు లేదు. కాని మన చేతిలోని పుస్తకములోనున్న స్వరలిపి ఆయన వ్రాసినది కాదు. శిష్యులు విని వ్రాసికొన్నది, ప్రశిష్యులు దిద్దినది, వారి పరంపరలో ఎవరో తన పాఠాంతరమును బట్టి తాళమునకు సరిపుచ్చి అచ్చొత్తించినది. సంగతులను ఏర్చి కూర్చినవారు వారు. గమకమును గుర్తులతో చూపినవారు వారు. ఆ శ్రమకు స్వామ్యమున్నదా?

మన చట్టము ఈ విషయమున మొదట తడబడినది. 1957లో 'సంగీత కృతి' అనగా అచ్చైనదో, వ్రాతలో నిలిచినదో మాత్రమే. నోట పుట్టి చెవి వెంట నడచు మన సంగీతమునకు ఆ నిర్వచనము ఏమాత్రమును అతుకదు. 1994 సవరణలో ఆ దోషమును దిద్దిరి: సంగీతమే కృతి, లిపి అందులోని భాగము, స్వరకర్త లిపిలో వ్రాసినను వ్రాయకున్నను అతడే కర్త. ఇది మన సంప్రదాయమునకు తగిన మాట. కాని వ్రాసిపెట్టిన లేఖకుని స్థానమేమిటో చట్టము విప్పి చెప్పలేదు. 2007లో మన సుప్రీముకోర్టు, తీర్పుల ప్రచురణకు సంబంధించిన ఒక వ్యాజ్యములో, కేవలము శ్రమ చాలదనియు, కొంతైనను సృజన ఉండవలెననియు చెప్పినది. ఆ సూత్రమును ఇచటికి అన్వయించినచో, పాత పుస్తకమును ఉన్నదున్నట్లు తిరిగి వ్రాసినవానికి హక్కు రాదు. పది పాఠములను పోల్చి, లోపించిన సంగతిని పూరించి, గమకమును నిర్ణయించినవానికి రావచ్చును. ఈ రెంటి నడుమ గీత ఎచట గీయవలెనో ఎవ్వరును గీయలేదు.

ఇంగ్లండులో ఒకసారి గీచిరి. 1726లో మరణించిన లాలాండ్ అను ఫ్రెంచి వాగ్గేయకారుని కృతులను సాకిన్స్ అను పండితుడు పరిష్కరించెను. లోపించిన స్వరములను పూరించి, తప్పులను దిద్ది, గాయకులు పాడుటకు వీలగునట్లు లిపిని సిద్ధపరచెను. హైపీరియన్ అను రికార్డు కంపెనీ దానిని వాడుకొని, ఇది లాలాండ్ సంగీతమే గాని నీది కాదనెను. 2005లో అప్పీలు కోర్టు సాకిన్స్ పక్షమున తీర్పు చెప్పినది. జర్మనులు ఇట్టి పరిష్కర్తకు పూర్తి హక్కునీయక, శాస్త్రీయ పరిష్కరణమునకు 25 ఏండ్లు చాలునని నిర్ణయించుకొనిరి. మాకు జర్మనుల పద్ధతియే న్యాయముగా తోచుచున్నది. పరిష్కర్తకు గౌరవమును ఫలమును రెండును దక్కును. త్యాగరాజు తిరిగి నూరేండ్లు బందీ కాడు.

ఐతే అదే జర్మనీలో ఇంకొక నియమమున్నది. హక్కు తీరని పాటల స్వరలిపిని సొంత ఉపయోగమునకైనను యంత్రముపై నకలు తీయరాదు, చేతితో వ్రాసికొనవచ్చును! కొలది మినహాయింపులున్నను మూలసూత్రమిది. 2010లో ఆ దేశపు శిశువిద్యాలయములకు, పాటల కాగితములు నకలు తీసినందుకు రుసుము చెల్లింపవలెనని హక్కుల సంస్థవారు లేఖలు పంపగా పెద్ద అలజడి పుట్టినది. చేతితో వ్రాసికొనుటను చట్టము తప్పు పట్టకుండుట చూచి మాకు నవ్వు వచ్చినది. మన గురుకులములలో శిష్యుడు గురువు పుస్తకమును చూచి వ్రాసికొనుటయే మొదటి పాఠము. వ్రాయుచుండగనే సగము వచ్చునని పెద్దలనెడివారు.

పాఠశాలలోని పిల్లలందరును పాడు గీతమొకటి ఈ పొరలను చక్కగా చూపును. ఠాకూరు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసిరి. తమ 'జనగణమన'ను ఆయన ఇంగ్లీషులోనికి మార్చినది అచటనే. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతము నభ్యసించిన విదుషి. ఆమె ఆ పాటకు స్వరలిపి వ్రాసినది. పాట ఠాకూరుది, దాని హక్కు 2001తో తీరినది. ఆమె లిపికి వేరు హక్కు కలదని యెవరైన వాదించియున్నచో, ఆమె 1954లో మరణించినది గనుక, అది 2014 చివరివరకు సాగెడిది. ఒకే పాట, రెండు గడువులు. అచ్చువేసినవాని పుట కూర్పునకు సహితము బ్రిటనులో 25 ఏండ్ల ప్రత్యేక హక్కు కలదు. మన దేశమున అట్టిది లేకుండుట మేలే.

ఇక ఉపాధ్యాయులు తమ తరగతిలో ఏమి చేయవచ్చునన్న సంశయము కలుగును. ఇందు భయపడవలసిన పని లేదు. బోధనా సందర్భమున ఉపాధ్యాయుడుగాని విద్యార్థిగాని ఏ కృతికైనను నకలు తీసికొనుటను మన చట్టములోని 52వ సెక్షను అనుమతించుచున్నది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటి ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆవరణలోని ఒక నకళ్ళ దుకాణముపై దావా వేయగా, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షనునకు విశాలమైన అర్థమునే చెప్పినది. కాబట్టి బొబ్బిలి పాఠశాలలో నలుబది మంది పిల్లలకు స్వరలిపి పుటను పంచుట నేరము కాదు. కాని ఇంటర్నెట్టు తరగతిగది కాదు. శిష్యునికి పంపుట వేరు, లోకమునకు తెరచి పెట్టుట వేరు. లోకమునకు తెరచినప్పుడు, అందులో అమెరికాయు ఉన్నది, మెక్సికోయు ఉన్నది.

కర్తలు హక్కునే వదలుకొనవలెనని మేము కోరుట లేదు. సంగీతము చెప్పి బ్రతుకువారి కష్టము మేమెరుగుదుము. ఘంటసాల స్వరరచనలకు 2034 చివరివరకు హక్కు ఉన్నది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కృతులకు 2076 చివరివరకు ఉన్నది. అది వారి వారసులకు న్యాయముగా రావలసినదే. పరదేశములను చూచి మనమును 70 ఏండ్లు చేయవలెనను మాట అప్పుడప్పుడు వినబడుచుండును. దానిని మాత్రము గట్టిగా ప్రతిఘటింపవలెను. 1991లో పదియేండ్లు పెంచినందుకు దాసుగారి పాటకు ఏమి పట్టినదో పైన చూచితిమి. పెరిగిన ఆ పదియేండ్లలో ఆయన పుస్తకములు పునర్ముద్రణకు నోచినవా, అటకలమీద చెదపురుగులకు నోచినవా? హక్కు ఉన్నవాడు అచ్చువేయక, వేయగలవాడు హక్కులేక, పుస్తకము నడుమ నశించుట మన భాషలో క్రొత్త కాదు.

1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో అచ్చైన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' నేడు ఏ దేశములోను బంధము లేనిది. దీక్షితులు 1906లో మరణించిరి. గమకములకు అంత విపులముగా గుర్తులేర్పరచిన ఆ మహాగ్రంథము నేడు ఇంటర్నెట్టులో ఎవరికైనను లభించుచున్నది. ముఖపత్రముపై కర్త పేరు, ఊరు, సంవత్సరము స్పష్టముగా ఉండుటచేత దానిని గూర్చి సందేహపడినవారు లేరు. మా బల్లమీద ఇంకొక స్వరపుస్తకమున్నది. అట్ట లేదు; ముఖపత్రము లేదు. పెన్సిలుతో ఎవరో దిద్దిన గుర్తులున్నవి. దిద్దిన చేయి గొప్పదని తెలియుచున్నది. వ్రాసిన చేయి ఎవరిదో, ఏ సంవత్సరమున అచ్చైనదో తెలియదు. చట్టము ప్రకారము దీనిని మేము ఎవ్వరికిని పంచలేము, పంచరాదని చెప్పగలవారును లేరు. కర్త ఎవరో తెలియని, జాడ దొరకని పుస్తకమునకు అనుమతి నీయుటకు మన చట్టములో మార్గమొకటి ఉన్నది; పత్రికలో ప్రకటన వేసి, అధికారుల యెదుట అర్జీ పెట్టవలెను. ఒక పల్లెటూరి వీణ మాస్టారు ఆ దారిని నడుచునా?

జీవించియున్న విద్వాంసులు తాము కోరినచో తమ స్వరలిపిపై హక్కును పూర్తిగాగాని కొంతగాగాని వదలుకొనుచున్నట్లు బహిరంగ ప్రకటన చేయవచ్చును. కాపీరైటు రిజిస్ట్రారునకు నోటీసు పంపినను చాలును. బోధనకు ఉచితము, వ్యాపారమునకు అనుమతి కావలెను అని రెండు మాటలు పుస్తకములోనే వ్రాయవచ్చును. సంగీత కళాశాలలు, అకాడమీలు తమ ప్రచురణలలో వాగ్గేయకారుని పేరుతోపాటు స్వరపరచినవారి పేరును, వారి జనన మరణ సంవత్సరములను అచ్చువేయుట ఒక నియమముగా పెట్టుకొన్నచో, ఏబదియేండ్ల తరువాత చికాగోలోని గ్రంథపాలకుడు తలుపు మూయక తెరచును. అచ్చుకు ఒక్క పంక్తి ఖర్చు.

వేసవి సెలవులలో పిల్లలు చేయదగిన పనియు ఒకటి ఉన్నది. బొబ్బిలిలో, సాలూరులో, పార్వతీపురములో, విజయనగరములో తాతగారి పెట్టెలో, అత్తగారి అలమరలో స్వరపుస్తకము దొరికినచో, ముందుగా ఫోటోలు తీసి లోకమునకు పంపవద్దు. ఇంటిలోని పెద్దలను కూర్చుండబెట్టి అడుగుడు: ఇది ఎవరి చేతివ్రాత? వారు ఎవరి యొద్ద నేర్చిరి? ఏ యేట పోయిరి? ఈ పాట సభలో ఎన్నడైన పాడిరా? చెప్పిన సమాధానములను పుస్తకము లోపలి అట్టపై, సిరా అంటనిచో పెన్సిలుతోనైనను, తేదీ వేసి వ్రాసిపెట్టుడు.